నవ్వించే అమ్మాయంటే ఎందుకంత ఉలుకు?

కాలేజీ ఫెస్ట్‌లో స్కిట్ అంటే అబ్బాయిలే రాస్తారు. ఆడవేషం కావాలంటే వాళ్లే చీర కట్టేస్తారు. అమ్మాయిలకి యాంకరింగ్ మిగులుతుంది. ఆఫీసులో అబ్బాయి జోకేస్తే 'భలే సరదా మనిషి', అదే జోకు అమ్మాయి వేస్తే 'కాస్త ఓవర్'. మరోపక్క యూట్యూబ్, ఓటీటీ, రేడియో, ప్రకటనలు... అన్నిచోట్లా నవ్వించగలిగేవాళ్ల కోసం వెతుకుతున్నారు. ఈ రంగంలోకి రావాలనుకునే అమ్మాయిలకి ఎదురయ్యేదేంటి? దాన్ని దాటేదెలా?

ఒక చిన్న ప్రశ్న. మీ బంధువుల్లో, స్నేహితుల్లో, మీ క్లాసులో 'సూర్యకాంతం' అనే పేరున్న అమ్మాయి ఎవరైనా ఉన్నారా? ఉండకపోవచ్చు. ఒకప్పుడు మామూలుగా పెట్టుకునే పేరే అది. కాకినాడ దగ్గరి పల్లెలో 1924లో పుట్టిన ఓ నటి వెండితెర మీద గయ్యాళి అత్తగా ఎడమచెయ్యి తిప్పుతూ ఊరందరినీ నవ్వించాక, కూతురికి ఆ పేరు పెట్టడానికి జనం జంకారు. పేరు కాస్తా తిట్టయిపోయింది. 'అబ్బో, సూర్యకాంతం!' అంటే ఏమిటో ఇప్పటికీ అందరికీ తెలుసు.

నిజానికి ఆమె సెట్‌లో అందరికీ ఇంటినుంచి వంటలు తెచ్చి కొసరి కొసరి వడ్డించే మనిషని ఆమెతో పనిచేసినవాళ్లంతా చెప్పారు. ఎన్టీఆర్, ఏయన్నార్, సావిత్రి, ఎస్వీఆర్ ఉన్న 1962 నాటి సినిమాకి 'గుండమ్మ కథ' అని ఆమె పాత్ర పేరే పెట్టారు. హాస్యానికి అంతకన్నా పెద్ద గౌరవం ఏముంటుంది? అయినా, నవ్వించిన మగవాళ్లు 'మన రేలంగి', 'మన రాజబాబు' అయ్యారు. ఆమె మాత్రం 'అమ్మో, సూర్యకాంతమా!' అయింది. నవ్వింది ఒకే జనం. ఆ నవ్వుకి ఆడవాళ్లు కట్టిన ధర మాత్రం వేరు.

నవ్వింది అందరూ... గుర్తుంది ఒక్కరే

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్నీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. రెండు వైపులా పదునున్న కత్తి ఇది. మగవాడు ఏడవకూడదు, ఆడది నవ్వకూడదు. 'ఏంటా ఇకఇకలు, ఆడపిల్లవి కాదూ?' అన్న మాట వినకుండా పెరిగిన అమ్మాయిలు మన ఇళ్లలో తక్కువే.

దీనికి సాక్ష్యంగా పెద్దవాళ్లు చెప్పే కథ మయసభ. దుర్యోధనుడు నేలనుకుని నీళ్లలో పడ్డాడు, ద్రౌపది నవ్వింది, కురుక్షేత్రం జరిగింది. అంతే కథ. కానీ వ్యాసభారతం సభాపర్వం తిరగేస్తే లెక్క మారిపోతుంది. అక్కడ నవ్వినవాళ్లలో భీముడున్నాడు, అర్జునుడున్నాడు, నకుల సహదేవులున్నారు. తర్వాత తండ్రి దగ్గర గోడు వెళ్లబోసుకుంటూ దుర్యోధనుడు కృష్ణుడి పేరు చెబుతాడు, అర్జునుడి పేరు చెబుతాడు, చెలికత్తెలతో కలిసి నవ్విన ద్రౌపది పేరూ చెబుతాడు. అంతమంది నవ్వితే శతాబ్దాల తర్వాత జనం నాలుక మీద మిగిలింది ఒక్క ద్రౌపది నవ్వు. మగవాళ్ల నవ్వు సరదా. ఆడదాని నవ్వు యుద్ధానికి కారణం!

ఈ కథని కాస్త గుర్తుపెట్టుకోండి. నవ్వు విషయంలో మనుషుల జ్ఞాపకం ఎలా మోసం చేస్తుందో కాసేపట్లో ప్రయోగశాల నుంచే వినబోతున్నాం.

వంటింట్లో పుట్టి, పేరు లేకుండా పెరిగి

'ఆడవాళ్లకి హాస్యం రాదు' అనేవాళ్లు పాతకాలం తెలుగు పెళ్లి చూసి ఉండరు. వియ్యాలవారి పాటలని ఉండేవి. మగపెళ్లివారు భోజనాలకి కూర్చోగానే ఆడపెళ్లివారి తరఫు ఆడవాళ్లు గొంతెత్తేవారు. వియ్యపురాలి పిసినారితనం, వియ్యంకుడి బొజ్జ, పెళ్లికొడుకు ముక్కు... దేన్నీ వదిలేవారు కాదు. వియ్యపురాలూ తక్కువ తినలేదు, వాళ్లవైపు నుంచీ ఓ పాట వచ్చేది. ఎదుటివాళ్ల ముఖం మీదే, పేరుపెట్టి, లయ తప్పకుండా ఎగతాళి చేయడం! ఇవాళ స్టాండప్‌లో 'రోస్ట్' అని గొప్పగా చెప్పుకొనేది ఇదే కదా. బావామరదళ్ల సరసాలు, వదినల వెక్కిరింతలు, నాట్లేస్తూ మేస్త్రీ మీద కట్టిన పాటలు... ఇదంతా ఆడవాళ్లు అల్లిన హాస్యమే. కాకపోతే అది పెళ్లిపందిట్లోనో, పొలం గట్టునో ఆగిపోయింది. రాసినవాళ్ల పేరు ఉండదు, పారితోషికం అసలే ఉండదు.

అచ్చులోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. నటిగా, దర్శకురాలిగా, గాయనిగా పేరున్న భానుమతి 'అత్తగారి కథలు' రాశారు. అత్తాకోడళ్లంటే జుట్టూజుట్టూ పట్టుకోవడమే అనుకునే రోజుల్లో, అమాయకపు అత్తగారి చేష్టల్ని ప్రేమగా చూసి నవ్విన పుస్తకం అది. సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు'లో ఓ చిన్నపిల్ల గొంతుతో మధ్యతరగతి ఇంటిని నవ్వుల పూలతోట చేశారు.

ఇక 'శ్రీవారికి ప్రేమలేఖ' సంగతి. 1984లో వచ్చిన ఈ సినిమా పేరు వినగానే అందరూ అనేది 'జంధ్యాల'. నిజమే, ఆయన మాటలు, ఆయన దర్శకత్వం. కానీ ఆ కథ పొత్తూరి విజయలక్ష్మి రాసిన 'ప్రేమలేఖ' నుంచి వచ్చింది. ఊరూ పేరూ తెలియని 'శ్రీవారి'కి ఓ అమ్మాయి సరదాగా ఉత్తరం రాయడం, అది ఎవరి చేతికో చిక్కడం అనే అల్లరి ఆలోచన ఒక రచయిత్రిది. సినిమాని పదిసార్లు చూసినవాళ్లలోనూ ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరు?

తెర మీద నవ్వు... రాసే చెయ్యి ఎవరిది?

తెలుగు తెరకి హాస్యనటీమణుల కొరత ఎప్పుడూ లేదు. రేలంగి పక్కన గిరిజ, రాజబాబు పక్కన రమాప్రభ, సుత్తివేలు పక్కన శ్రీలక్ష్మి. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో సినిమా కథని టైటిల్స్ దగ్గర్నుంచీ చెప్పుకొచ్చే ఇల్లాలిగా, 'చంటబ్బాయ్'లో తన రచనలతో, వంటలతో పత్రిక ఎడిటర్ ప్రాణం తీసే ఔత్సాహిక రచయిత్రిగా శ్రీలక్ష్మి ఇప్పటికీ మీమ్స్‌లో బతికే ఉన్నారు. నంది అవార్డుల్లో హాస్యనటికి విడిగా ఓ విభాగమే పెట్టారు. హాస్యం ఒక్క కమెడియన్ల సొత్తే కాదని చూపించిన హీరోయిన్లూ ఉన్నారు. 'మాయాబజార్'లో మాయా శశిరేఖగా సావిత్రి, తన ముఖంలో ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ని దించేసిన సన్నివేశాలు చూడండి. హావభావాలతో నవ్వించడమెలాగో అదే ఓ పాఠం.

అయితే పైన చెప్పిన పేర్లలో ఓ చిన్న మాట గమనించారా? 'పక్కన'. హాస్యనటి ఎక్కువసార్లు ఒకరికి జోడీ. ఆమె మీద పుట్టిన జోకులు ఎక్కువగా మూడే: లావు, నోరు, పెళ్లి కాకపోవడం. హిందీలో తొలి హాస్యనటిగా చెప్పుకొనే టున్‌టున్ అసలు పేరు ఉమాదేవి. 1947లో 'దర్ద్' సినిమాకి పాడిన పాటతో ఊపేసిన గాయని ఆమె. జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఆమె శరీరం.

టీవీకి వచ్చేసరికి ఇంకో తమాషా. 2013లో 'జబర్దస్త్' మొదలైనప్పుడు స్కిట్లలో భార్య, మరదలు, అత్త పాత్రలు చాలావరకు లేడీ గెటప్‌లో మగవాళ్లే వేశారు. ఆ కళాకారుల ప్రతిభని తక్కువ చేయడానికి లేదు, ఎన్నో అవమానాలు దిగమింగి వాళ్లు బతుకుతెరువు వెతుక్కున్నారు. కానీ ఓ ప్రశ్న అడగాలి. భార్య మీద జోకేసేది మగవాడు, ఆ జోకు రాసింది మగవాడు, చివరికి ఆ భార్య కూడా మగవాడే అయితే ఆడవాళ్ల మాట ఎక్కడ వినబడుతుంది? తర్వాతి ఏళ్లలో రోహిణి, ఫైమా లాంటివాళ్లు అదే వేదిక మీద టైమింగ్‌తో చప్పట్లు కొట్టించుకున్నారు. అంటే తలుపు తీయనన్నాళ్లే 'అమ్మాయిలకి రాదు' అన్నమాట.

నవ్వులపాలయ్యే ఆడది, నవ్వించే ఆడది... ఈ రెండూ ఒకటి కాదు. మొదటిదాన్ని మనం ఎప్పుడో ఒప్పుకొన్నాం. ఇబ్బందల్లా రెండోదానితోనే.

పరిశోధనలు ఏమంటున్నాయి?

'ఆడవాళ్లకి హాస్యం చేతకాదు' అనే వాదం ఒక్క మనదే కాదు. 2007లో అమెరికన్ పత్రిక 'వానిటీ ఫెయిర్'లో క్రిస్టఫర్ హిచెన్స్ ఇదే రాస్తే పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది అదే పత్రిక దానికి జవాబు కూడా అచ్చేసింది. వాదనలు పక్కనపెట్టి అంకెలు చూద్దాం.

2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 16 మంది అబ్బాయిలు, 16 మంది అమ్మాయిల చేత 'న్యూయార్కర్' కార్టూన్లకి క్యాప్షన్లు రాయించారు. రాసింది ఎవరో చెప్పకుండా వేరేవాళ్ల చేత మార్కులు వేయించారు. అబ్బాయిలు ముందున్నారు. ఎంత? ఐదు పాయింట్లకి 0.11. అదీ, వాళ్లకి కాస్త ఎక్కువ మార్కులు వేసింది ప్రధానంగా మగవాళ్లే!

అసలు కథ రెండో ప్రయోగంలో ఉంది. క్యాప్షన్ రాసింది ఎవరో చెప్పి చదివించి, తర్వాత 'ఇది ఎవరు రాశారు?' అని అడిగారు. బాగా పేలిన క్యాప్షన్లని అమ్మాయిలు రాసినా 'అబ్బాయి రాశాడు' అని పొరబడ్డారు. పేలనివాటిని అమ్మాయిల ఖాతాలో వేశారు. మయసభ గుర్తొచ్చిందా? మంచి జోకు మగవాడి లెక్కలోకి, అనర్థం తెచ్చిన నవ్వు ఆడదాని లెక్కలోకి. 'ప్రేమలేఖ' రచయిత్రి పేరు మనకి ఎందుకు గుర్తులేదో కూడా ఇక్కడ కొంత అర్థమవుతుంది.

రెండో వైపూ చెప్పాలి. 2020లో గిల్ గ్రీన్‌గ్రాస్ బృందం 28 అధ్యయనాలని, అంటే ఐదు వేలమందికి పైగా మనుషుల ఫలితాల్ని కలిపి చూసింది. సగటు స్త్రీ కన్నా 63 శాతం మంది పురుషులు ఎక్కువ హాస్యంగా రాశారని తేలింది. ఇద్దరూ సమానమైతే ఈ అంకె 50 ఉండేది. అంటే తేడా ఉంది, కానీ కొండంత కాదు. మిగతా 37 శాతం మగవాళ్లు సగటు అమ్మాయి కన్నా వెనకే ఉన్నారని కూడా దాని అర్థం. ఇలాంటి పరీక్షలు చాలావరకు అప్పటికప్పుడు క్యాప్షన్ రాయించేవే. చిన్నప్పట్నుంచీ క్లాసులో వెనక బెంచీలో జోకులేసి చప్పట్లు కొట్టించుకున్నవాడికీ, 'నోర్మూసుకో' అనిపించుకున్నదానికీ సాధన సమానంగా ఉంటుందా? సగటు లెక్కతో ఒక మనిషి సత్తా తేల్చలేం. ఇంజినీరింగ్‌లో మీ బ్రాంచి సగటు మార్కులు చూసి కంపెనీ మీకు ఉద్యోగం ఇవ్వదు కదా, ఇదీ అంతే.

ఆఫీసులో జోకు... ఎవరికి లాభం?

కామెడీ వృత్తిగా వద్దనుకునేవాళ్లకి కూడా ఈ విషయంతో పని ఉంది. ఇంటర్వ్యూలో, ప్రజెంటేషన్‌లో, టీమ్ మీటింగ్‌లో కాస్త హాస్యం కలపమని సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్లు చెబుతుంటారు. ఆ సలహా అందరికీ ఒకేలా పనిచేస్తుందా?

2019లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ ఇవాన్స్ బృందం దీన్ని పరీక్షించింది. ఓ స్టోర్ మేనేజర్ ప్రజెంటేషన్ ఇస్తున్న వీడియో తీశారు. కొన్నింట్లో మేనేజర్ పురుషుడు, కొన్నింట్లో స్త్రీ. కొన్నింట్లో జోకులున్నాయి, కొన్నింట్లో లేవు. జోకులు మాత్రం ఇద్దరికీ అవే. 216 మంది చూసి మార్కులు వేశారు. జోకులేసిన మగ మేనేజర్‌కి హోదా, పనితనం, నాయకత్వం విషయంలో మార్కులు పెరిగాయి. అవే జోకులేసిన మహిళా మేనేజర్‌కి తగ్గాయి! ఆయన వేస్తే 'ఒత్తిడి తగ్గిస్తున్నాడు', ఆమె వేస్తే 'పని పక్కదారి పట్టిస్తోంది'.

అందుకని అమ్మాయిలు నోరు కట్టేసుకోవాలా? అక్కర్లేదు. పరిస్థితి తెలిసి అడుగేస్తే చాలు. ఈ మెలకువలు పనికొస్తాయి:

మొదట పని, తర్వాత జోకు. కొత్త టీమ్‌లో మొదటి కొన్ని వారాలు మీ పని మాట్లాడనివ్వండి. 'ఈ అమ్మాయికి సబ్జెక్ట్ తెలుసు' అన్న నమ్మకం కుదిరాక వేసిన జోకుకి విలువ వేరే.

జోకు విషయంలోంచే పుట్టాలి. సర్వర్ నాలుగోసారి డౌన్ అయినప్పుడు దాని మీద వేసే చమత్కారం టీమ్‌ని కలుపుతుంది. సంబంధం లేని వాట్సప్ జోకు పక్కదారే.

మిమ్మల్ని మీరు మరీ తక్కువ చేసుకోవద్దు. 'నాకేం తెలుసు, నేను మొద్దుని' తరహా జోకులకి అందరూ నవ్వుతారు. అప్రైజల్ టైమ్‌లో ఆ మాటే నిజమనుకుంటారు.

నవ్వు రాని జోకుకి నవ్వక్కర్లేదు. ఆడవాళ్ల శరీరం మీద, నడవడిక మీద సీనియర్ వేసే 'జోకు'కి మొహమాటానికి నవ్వడం చాలామందికి అలవాటు. లైంగికార్థం వచ్చే వ్యాఖ్యలు 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం కిందికి వస్తాయి. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాల్సిందే. 'సరదాకి అన్నా' అన్నది చట్టం ముందు సాకు కాదు.

మైక్ పట్టినవాళ్లు

ఇక వృత్తిగా ఎంచుకున్నవాళ్ల సంగతి. అమృత్‌సర్‌లో పుట్టిన భారతీ సింగ్ రెండేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి రెక్కల కష్టం మీద పెరిగారు. 2008లో 'ద గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజ్'లో 'లల్లీ' అనే చిన్నపిల్ల పాత్రతో దేశాన్ని నవ్వించారు. లావు మీద జోకు వేరేవాళ్లు వేసేలోపు తనే వేసి, ఆ నవ్వుకి తనే యజమాని అయ్యారు.

ముంబయి స్టాండప్ మొదటితరంలో మైక్ పట్టిన అదితి మిట్టల్ 2017లో నెట్‌ఫ్లిక్స్ స్పెషల్ చేశారు. అదే ఏడాది సుముఖి సురేశ్ 'పుష్పవల్లి' సిరీస్‌ని తనే ఆలోచించి, రాసి, తనే నటించారు. అబ్బాయి వెంటపడే అమ్మాయి కథ అది. ఆడపాత్ర ఎప్పుడూ మంచిదిగా, అందంగానే ఉండక్కర్లేదని చూపించారు. 2023లో ఊరూజ్ అష్ఫాక్ ఎడిన్‌బరా కామెడీ అవార్డుల్లో ఉత్తమ నూతన కళాకారిణిగా నిలిచారు. అమెరికాలో స్థిరపడిన జర్నా గార్గ్ లాయర్ చదువు చదివి, పదహారేళ్లు ఇల్లూ పిల్లలతో గడిపి, నలభై దాటాక మైక్ పట్టారు. 2023లో ఆమె స్పెషల్ ప్రైమ్ వీడియోలో వచ్చింది. వయసు అడ్డనుకునేవాళ్లు ఫిలిస్ డిల్లర్‌నీ తలచుకోవచ్చు. అమెరికాలో మహిళా స్టాండప్‌కి దారి వేసిన ఆమె, 1955లో తొలిసారి వేదికెక్కేనాటికి 37 ఏళ్ల వయసు, ఐదుగురు పిల్లలు.

మనదగ్గరికొస్తే, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పొలం పనులు చేసి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వ యాభై దాటాక 'మై విలేజ్ షో'తో స్టార్ అయ్యారు. ఆమె నవ్వించేది ఎవరో రాసిచ్చిన ప్రాసలతో కాదు, తన యాసతో, తన తిట్లతో. 'మహాతల్లి'గా జాహ్నవి దాసెట్టి తెలుగు అమ్మాయి ఇంట్లో, పెళ్లిచూపుల్లో, ఆఫీసులో ఎదుర్కొనే చిన్నచిన్న విషయాల్ని వీడియోలు చేశారు. అవి పేలింది ఎందుకంటే, అంతవరకూ ఆ సంగతులు అమ్మాయి వైపు నుంచి ఎవరూ చెప్పలేదు. దర్శకురాలు నందినీరెడ్డి 2011లో 'అలా మొదలైంది', 2019లో 'ఓ బేబీ'తో సినిమా కామెడీలోనూ ఈ చూపుకి మార్కెట్ ఉందని నిరూపించారు.

ఈ దారిలో ముళ్లూ ఉన్నాయి. 2020లో ఓ పాత వీడియోలోని జోకు మీద స్టాండప్ కళాకారిణి అగ్రిమా జాషువాపై దాడి మొదలైంది. ఆమె క్షమాపణ చెప్పారు. అయినా అత్యాచారం చేస్తామంటూ బెదిరింపులు ఆగలేదు. అలా బెదిరిస్తూ వీడియో పెట్టిన ఒక వ్యక్తిని వడోదర పోలీసులు పట్టుకున్నారు. జోకు నచ్చలేదనే హక్కు ఎవరికైనా ఉంటుంది. మగ కమెడియన్‌కీ ఇలా కోపాలు, కేసులు తప్పవు. కానీ అమ్మాయి విషయంలో ఆ కోపం నేరుగా ఆమె శరీరం మీదికి వస్తుంది. ఈ భయమే ఎందరినో మొదటి అడుగు దగ్గరే ఆపేస్తోంది.

మొదలుపెట్టేదెలా?

రోజుకో పేజీ రాయండి. జోకులు రాయమని కాదు. ఆ రోజు మీకు చిరాకు, సిగ్గు, భయం, ఆశ్చర్యం కలిగించింది ఏంటో రాయండి. హాస్యం అక్కడే పుడుతుంది. హాస్టల్ వార్డెన్, షేర్ ఆటో, 'సెటిల్ ఎప్పుడవుతావ్' అడిగే పిన్ని... మీ సరుకు మీ చుట్టూనే ఉంది.

మీ యాసలోనే చెప్పండి. ఇంగ్లిష్, హిందీ స్టాండప్‌లో పోటీ ఎక్కువ. తెలుగులో ఇంకా చోటుంది. శ్రీకాకుళం యాస అయినా, కరీంనగర్ యాస అయినా, చిత్తూరు యాస అయినా అదే మీ పెట్టుబడి.

ఓపెన్ మైక్‌కి వెళ్లండి. హైదరాబాద్, బెంగళూరులాంటి నగరాల్లో కేఫ్‌లలో ఇవి జరుగుతుంటాయి. ముందుగా పేరు ఇస్తే నాలుగైదు నిమిషాలు ఇస్తారు. సమయం అయిపోతుంటే లైటు వేసి సంకేతం ఇస్తారు, వెంటనే దిగిపోవాలి. డబ్బులు రావు. మొదటిసారి ప్రేక్షకురాలిగా వెళ్లి చూడండి, రెండోసారి స్నేహితురాలిని వెంటబెట్టుకుని ఎక్కండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో రాసుకోండి. ఒకే ఐదు నిమిషాల్ని పదిచోట్ల చెప్పి చెక్కితేనే నమ్మకమైన సెట్ అవుతుంది. మీ ఊళ్లో ఓపెన్ మైక్ లేకపోతే కాలేజీ ఆడిటోరియమే మీ వేదిక. ఈసారి ఫెస్ట్‌లో స్కిట్ మీరే రాయండి.

వేదిక ఒక్కటే దారి కాదు. రేడియో జాకీ, యాడ్ కాపీరైటర్, వెబ్ సిరీస్ రచయిత్రి, డబ్బింగ్ సినిమాలకి తెలుగు మాటలు రాసేవాళ్లు, కంపెనీల సోషల్ మీడియా టీమ్‌లు, ఈవెంట్ యాంకరింగ్... వీటన్నిటికీ హాస్యం తెలిసిన కలం కావాలి. నటన, రచనలో పునాది కావాలనుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్ రైటింగ్ నేర్పిస్తారు.

చదువో, ఉద్యోగమో వదలొద్దు. కామెడీలో ఆదాయం నిలకడగా రావడానికి ఏళ్లు పట్టొచ్చు. చాలామంది పగలు ఉద్యోగం, సాయంత్రం మైక్‌తోనే మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్లకి చెప్పడానికీ ఇది తేలికైన దారి.

రక్షణ ముందే చూసుకోండి. రాత్రి షో అయితే తిరుగుప్రయాణం సంగతి నిర్వాహకులతో ముందే మాట్లాడండి. వీడియోల్లో ఇల్లు, కాలేజీ, ఆఫీసు ఆనవాళ్లు కనిపించనీయకండి. బెదిరింపు వస్తే జవాబివ్వకుండా ముందు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. ఆన్‌లైన్‌లో వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద, మహిళ గౌరవాన్ని కించపరిచే మాటలు, చేష్టలు 79వ సెక్షన్ కింద నేరం.

అబ్బాయిలూ, ఇది మీకు

ఇంతవరకూ చెప్పిందంతా అమ్మాయిలు ఏం చేయాలన్నదే. కానీ నవ్వు ఒక్కరి చేతిలో ఉండదు. వినేవాళ్లూ సగం. అమ్మాయి మైక్ పట్టుకోగానే చేతులు కట్టుకుని 'ఏదీ, నవ్వించు చూద్దాం' అని కూర్చోకండి. వీడియో నచ్చకపోతే స్క్రోల్ చేయండి, ఆమె బట్టల మీద కామెంట్ అక్కర్లేదు. కాలేజీ స్కిట్‌కి ఆడపాత్ర కావాలంటే చీర వెతికేముందు క్లాసులో అమ్మాయిల్ని అడగండి. నటించడానికే కాదు, రాయడానికి కూడా.

ఇంకోటి. క్యాంటీన్‌లో, టీమ్ లంచ్‌లో తరచూ జరిగేదే. అమ్మాయి మెల్లగా ఓ మంచి మాట విసురుతుంది. పక్కనున్నవాడు అదే మాట గట్టిగా అంటాడు, బల్లంతా నవ్వుతుంది. శాన్‌డియాగో ప్రయోగం చెప్పినట్టు, రేపటికి ఆ జోకు అతనిదే అయిపోతుంది. ఆ నవ్వు సద్దుమణిగాక 'అది తన జోకురా, ముందు తనే అంది' అని మీరొక్క మాట అంటే చాలు.